చిలక వాలని చెయ్యి

అనగనగా ఒక రాజు. ఊఁ కొట్టండర్రా, ఊఁ కొట్టకపోతే నేను చెప్పను! ఆ రాజు పేరు మకరకేతుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కీర్తిసేనుడు, నడిపివాడు ధీరసేనుడు, కడగొట్టువాడు చిత్రసేనుడు. పెద్దవాళ్లిద్దరికీ కత్తి తిప్పడం సరదా. చిన్నవాడికి ఎదుటివాళ్లను నవ్వించడం సరదా.

ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు ఉండేవాడు. ఈ రాజ్యానికొచ్చే ఓడలన్నీ ముంచేసేవాడు. వాణ్ణి చంపి వస్తామని అన్నలిద్దరూ వెళ్లారు. వాళ్లు రాలేదు, వాళ్ల శవాలొచ్చాయి.

రాజు మంచం పట్టాడు. రాణి అన్నం మానేసింది. నేనూ ఏడుస్తూ కూచుంటే వీళ్లేమైపోతారు అనుకున్నాడు చిత్రసేనుడు. పొద్దున లేస్తే తండ్రికి నవ్వులాట కబుర్లు చెప్పేవాడు, తల్లి ముందు కోతిగంతులేసేవాడు. "ఎంత గుండె నిబ్బరమో!" అన్నారు కొందరు. "అసలు గుండె ఉందా వీడికి?" అన్నారు ఇంకొందరు. అనేవాళ్లకేం పోయింది?

పదోరోజున ఏటి ఒడ్డున అన్నల పేర అన్నం ముద్దలు పెట్టాడు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు తృప్తిపడ్డట్టు. ఒక ముసలి కాకి వచ్చింది, ముద్దల చుట్టూ తిరిగింది, ముట్టలేదు.

"అన్నగార్లకు ఏదో కోరిక మిగిలిపోయింది యువరాజా, తీరుస్తానని మాటివ్వండి" అన్నాడు పురోహితుడు.

"కరాళుణ్ణి చంపుతాను!" అన్నాడు చిత్రసేనుడు. కాకి ముట్టలేదు.

"అమ్మానాన్నల్ని కంటికి రెప్పలా చూసుకుంటాను!" అన్నాడు. ముట్టలేదు.

"పోనీ గారెలు వండించనా?" అన్నాడు నవ్వుతూ. కాకికి ఒళ్లు మండి నోరు తెరిచింది.

"నాకు కాదు అబ్బాయీ, నీ అన్నలకు కావాలి! ఏం కావాలో నాకూ తెలీదు. అది తీరేదాకా నేను మెతుకు ముట్టను."

"అయితే కరాళుడి చావే అయ్యుంటుంది. నాతో వస్తావా?"

"రాక చస్తానా! నా కూడు నీ దగ్గరే ఇరుక్కుందిగా."

ఇద్దరూ సముద్రం దగ్గరికి పోయారు. ఒడ్డున కొండంత తాబేలు. "వీపు నొప్పి, ఎవర్నీ ఎక్కించుకోను" అంది.

"నీ అదృష్టమే అదృష్టం తాబేలత్తా! చుట్టాలొస్తే ఇంట్లోకి తల లాక్కుంటే సరి" అన్నాడు చిత్రసేనుడు. తాబేలు పడీ పడీ నవ్వింది. "ఎక్కు అల్లుడూ!" అని ఏడు సముద్రాలూ దాటించేసింది.

కోట వాకిట్లో ఒక రాక్షసుడు. "నిన్ను నమిలి మింగుతా!" అన్నాడు.

"మింగు మామా, కానీ లోపలికెళ్లాక చక్కిలిగింతలు పెడతాను, తరవాత నన్నేం అనకూడదు!" అన్నాడు చిత్రసేనుడు. రాక్షసుడు ఆ మాటకే పొట్ట పట్టుకుని నేల మీద దొర్లాడు. కాకీ చిత్రసేనుడూ లోపలికి దూరారు.

లోపల హేమలేఖ అనే రాజకుమారి బందీగా ఉంది. "కరాళుడు మా నాన్నను చంపి నన్నిక్కడ పడేశాడు" అంది. "వాడి ప్రాణం ఈ మేడ మీది చిలకలో ఉంది. కోట దాటిస్తే వాడు చస్తాడు. కానీ లోపల దాపరికం ఉన్నవాళ్ల చేతి మీద అది వాలదు. నా చేతి మీదా వాలలేదు."

ముగ్గురూ మేడెక్కారు. చిత్రసేనుడు చెయ్యి చాచాడు. చిలక తుర్రుమని దూలమెక్కింది. కత్తి అవతల పారేసి చాచాడు. వాలలేదు. బొడ్లో దోపుకున్న బాకు కూడా పారేశాడు. వాలలేదు. అంతలో మెట్లు దడదడలాడాయి. కరాళుడు వచ్చేస్తున్నాడు!

"ఇంకా ఏం దాచావురా?" అని అరిచింది కాకి.

"ఏమీ లేదే!" అని నవ్వాడు.

"ఆ నవ్వు వెనకాల ఏముందిరా?"

నవ్వు ఆగిపోయింది.

"మా అన్నలు..." అన్నాడు. "పెద్దన్నయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకుని తోటంతా తిప్పేవాడు. చిన్నన్నయ్య తన మీగడ నా కంచంలో వేసేవాడు. వాళ్లను చితి మీద పెడుతుంటే నేను నవ్వు మొహంతో నించున్నాను! ఆ రోజూ ఏడుపొచ్చింది, రోజూ వస్తోంది. వాళ్లు లేకుండా నాకేం బాగాలేదు!" అని చంటిపిల్లాడిలా బావురుమన్నాడు. అది చూసి హేమలేఖ కూడా "నాన్నా!" అని వెక్కివెక్కి ఏడ్చింది.

చిలక దిగొచ్చి చిత్రసేనుడి చేతి మీద వాలింది.

"ఏడుస్తూనే పరిగెత్తండి!" అంది కాకి.

పరిగెత్తారు! కరాళుడు గద ఎత్తి వెంటపడ్డాడు. కాకి వాడి నెత్తి మీద టకటకా పొడిచింది. వాకిట్లో ఆ రాక్షసుడు ఇంకా నవ్వుతూ అడ్డంగా దొర్లుతున్నాడు. వీళ్లిద్దరూ వాడి మీంచి ఒక్క గెంతు గెంతి బయటపడ్డారు. కరాళుడు వాడి కాళ్లు తట్టుకుని బోర్లా పడ్డాడు, మళ్లీ లేవలేదు. చిలక తన దారిన తాను ఎగిరిపోయింది.

ఒడ్డున అన్నం వండి, చిత్రసేనుడు రెండు ముద్దలు పెట్టాడు. ఈసారి మాటలు రాలేదు, కన్నీళ్లే వచ్చాయి. కాకి గబగబా తినేసింది.

"కాస్త ఉప్పగా ఉంది" అంది. "అయినా బాగుంది."

అన్నలు అడిగింది పగ కాదు, తమ్ముడు తమ కోసం మనసారా ఏడవాలని అడిగారు. అంతే పిల్లలూ!

మళ్లీ తాబేలత్త వీపెక్కి ఇంటికొచ్చాక హేమలేఖతో పెళ్లి. ఆకాశమంత పందిరి, ఊరంతా భోజనాలు! తలంబ్రాలు పోసే వేళ చిత్రసేనుడు పక్కకు చూశాడు. అక్కడ నించోవలసిన ఇద్దరూ లేరు. కళ్లవెంట బొటబొటా నీళ్లు కారాయి.

"శుభమా అని పెళ్లి చేసుకుంటూ ఈ ఏడుపేమిటి!" అన్నారు పెద్దలు.

రాణి లేచి వచ్చి కొడుకు తల గుండెలకు హత్తుకుంది. "ఏడవనివ్వండి. వాళ్లు వీడి అన్నలు" అంది. తరవాత పందిరంతా వినపడేలా, "కీర్తీ! ధీరా! మీ తమ్ముడి పెళ్లిరా!" అని పిలిచింది.

ఆ పేర్లు వినగానే రాజు ఏడ్చాడు, ఊరు ఊరంతా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అందరికీ నకనకలాడేట్టు ఆకలేసింది. ఆ పూట రాణి కడుపు నిండా అన్నం తిన్నది.

చిత్రసేనుడు, హేమలేఖ చాలా ఏళ్లు చల్లగా రాజ్యమేలారు. నవ్వొస్తే నవ్వారు, ఏడుపొస్తే ఏడ్చారు.