గూబ దూరిన ఇల్లు

వింజవరమనే ఒకానొక రాజ్యాన్ని గజసింహ భూపాలుడు ఏలేవాడు. ఆయనకు ఏనుగులంటే ప్రాణం. "మాది" అనే మాటంటే అంతకన్నా ప్రాణం. నది మాది, నదిలో చేప మాది, చేపను పట్టిన వల కూడా మాదే అనేవాడు. కాదనేదెవరు? రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా!

ఒకసారి గజశాలను పెంచాలని ఆయనకు బుద్ధి పుట్టింది. దానికి అడ్డంగా ఒక తాటాకు ఇల్లుంది. అందులో సింగమ్మ అనే ముసలావిడ మగ్గం నేసుకుంటూ ఒంటరిగా బతుకుతోంది. భటులు ఖాళీ చెయ్యమనేసరికి ఆవిడ కొంగు బిగించి సభకే వచ్చేసింది.

"ఆ ఇల్లు నాది మారాజా! నేనూ మా ఇంటాయనా మట్టి తొక్కి గోడలు పెట్టుకున్నాం. ఆయన పోయాడు. నాకు మిగిలింది ఆ ఇల్లొక్కటే."

రాజు మీసం దువ్వాడు. "మట్టి ఎవరి నేలలోది?"

"తమ నేలలోదే."

"కప్పిన ఆకు?"

"తమ తోపులోదే."

"మరి ఇల్లు నీదెలా అయింది? మట్టీ మాదే, ఆకూ మాదే, ఇల్లూ మాదే! రేపు సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యి."

సభంతా భళీ భళీ అంది. బుచ్చెన్న ఒక్కడే నోరు మెదపలేదు. అతను రాజుగారి విదూషకుడు. నవ్వించి పొట్టపోసుకునేవాడే గాని, ఆ పూట అతనికి ఒళ్లు మండిపోయింది. ఆ ఇల్లు ఎవరిదో రాజు నోటితోనే చెప్పించాలని గట్టిగా అనుకున్నాడు.

సభ ముగియగానే సింగమ్మ ఇంటికి వెళ్లాడు. గుమ్మంలోంచి చూస్తే దూలం మీద ఒక గుడ్లగూబ కునుకుతోంది.

"ఎవరితోనూ అనకు నాయనా," అంది సింగమ్మ గొంతు తగ్గించి. "గూబ దూరిన ఇల్లు పాడుపెట్టాలంటారు. ఇది రాకముందు ఎలకలు నా నూలంతా కొరికి పారేసేవి. నాకిది దోషం కాదు, కాపలా."

బుచ్చెన్న గూబను చూశాడు, సింగమ్మను చూశాడు. "అమ్మా, రేపు ఈ సంగతి సభలో చెప్పక తప్పదు. నన్ను నమ్ముతావా?"

"ఇల్లు నిలబడుతుందంటే చెప్పు."

అతను అటునుంచి అటే కోటకు వెళ్లాడు. "ప్రభూ, తమ తీర్పు ఒక్క సింగమ్మకు తెలిస్తే చాలదు. రాజ్యంలో ప్రతి ఇల్లూ తమదేనని చాటిస్తే ఇక ఎవరూ నోరెత్తరు," అన్నాడు. రాజు ఉబ్బిపోయాడు. పొద్దుగూకేలోగా ఊరంతా దండోరా మోగింది.

మర్నాడు బుచ్చెన్న సింగమ్మను వెంటబెట్టుకుని నిండు సభకు వచ్చి, ఆస్థాన సిద్ధాంతికి దణ్ణం పెట్టి, "అయ్యా, ఇంట్లో గుడ్లగూబ దూరితే ఏమవుతుంది?" అని అడిగాడు.

సిద్ధాంతి అడగకపోతేనే గంటసేపు చెప్పే మనిషి, అడిగితే ఆగుతాడా? "మహాదోషం! ఆరు నెలలు సొంత కప్పు కింద నిద్రపోకూడదు. పోతే ప్రాణగండం!"

"ఎవరికి? అందులో ఉండేవాళ్లకా, యజమానికా?"

"యజమానికే! దోషం పట్టుకునేది యజమానినే."

బుచ్చెన్న రాజు వైపు తిరిగి నెత్తి కొట్టుకున్నాడు. "కొంప మునిగింది ప్రభూ! సింగమ్మ ఉంటున్న తమ ఇంట్లో గూబ దూరింది!"

రాజు ఉలిక్కిపడ్డాడు. "అయితే ఏం? మేము పడుకునేది కోటలో కదా!"

"కోటా తమ సొంతమే కదా ప్రభూ."

"పోనీ, మంత్రిగారి మేడలో పడుకుంటాం."

"అదీ తమదేనని నిన్న దండోరా వేయించారు. ఈ రాజ్యంలో తమది కాని కప్పు కలికానికి కూడా లేదు. ఇక పొలిమేర దాటి పొరుగురాజుగారి పంచన చేరాల్సిందే. చాప చుట్టుకుని నేనూ వస్తాను."

పొరుగురాజుకూ గజసింహుడికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. రాజుకు ముచ్చెమటలు పోశాయి. "ఆగు, ఆగు! ఆ ఇల్లు మాది కాదు. ముమ్మాటికీ సింగమ్మదే!"

సిద్ధాంతి సింగమ్మ వైపు తిరిగాడు. "అయితే దోషమూ నీదే. ఒప్పుకుంటావా?"

"ఎందుకొప్పుకోనండీ? వానొస్తే కారేది నా నెత్తి మీద. గోడ పడితే ఎత్తేది నేను. గూబ దూరినా నాదే. మంచికీ చెడ్డకీ నాదే కాబట్టి నాదంటున్నాను."

రాజు తల దించుకున్నాడు. అంతలోనే తనను తలుచుకుని తనే ఫక్కున నవ్వాడు. "ఏమయ్యా బుచ్చెన్నా! ఒక్క గూబ మా నోరు మూయించింది. దోషంతో సహా నాదన్న మనిషిదే ఇల్లు!" అంటూ తన పట్టుశాలువా తీసి అతనికి కప్పాడు. తర్వాత సిద్ధాంతి కేసి చూసి, "దీనికి శాంతి ఏమీ లేదా?" అన్నాడు.

"లేకేం ప్రభూ! చిన్న హోమం చేయిస్తే సరిపోతుంది."

"మరి మాకు చెప్పలేదేం?"

"తమరు ఊపిరి పీల్చుకోనిస్తేగా!"

హోమం ఖర్చు కోటే భరించింది. గజశాలను అవతలి వైపుకు పెంచారు. హోమం నాడు రాజు స్వయంగా వచ్చి, లోపలికి పోబోతూ గుమ్మం ముందు ఆగిపోయాడు.

"సింగమ్మా, లోపలికి రావచ్చా?" అని అడిగాడు. ఆయన అలా అడగడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"రా మారాజా," అంది సింగమ్మ. "గుమ్మం చిన్నది, కాస్త తల వంచుకుని రా."

రాజు నవ్వుతూ తల వంచాడు.