జమ్ము మడుగు పూడ్చిన పందికొక్కు

ఊరు టౌనుగా మారుతున్న చోట, కొత్త ఇళ్ల వెనకాల జమ్ము దట్టంగా మొలిచిన మడుగొకటి ఉండేది. దాని ఒడ్డున ఓ పందికొక్కు కాపురం. ఆరుగురు పిల్లలు, ఇరుకు కలుగు. పొద్దున లేస్తే చాలు, ఆ ఇరుకు మీద ఓ ఏడుపు ఏడ్చేది.

అది విని నక్క రానే వచ్చింది.

"అక్కా, ఎదురుగా ఇంత చోటు పెట్టుకుని ఇరుకంటావేం? జమ్ము కొరికెయ్, మడుగు పూడ్చెయ్. నీ వాళ్లంతా తలా కాస్త మట్టి తోస్తే నెల రోజుల పని."

"నీకేంటి లాభం తమ్ముడూ?"

"నాకేముంది? పదిమందీ బాగుంటే చూసి సంతోషిస్తా."

మడుగులో పడుకున్న ముసలి గేదె తలెత్తింది. "ఓసి పిచ్చిదానా, వానొస్తే టౌను నీళ్లన్నీ వచ్చి కూర్చునేది ఇక్కడే. వాటి ఉరుకు ఆపేది ఈ జమ్మే. నీరు పల్లమెరుగు అన్నారు. ఇది పూడిస్తే ఎటు పోతాయనుకున్నావ్?"

"నీ బురద స్నానం పోతుందని నీ బాధ పెద్దమ్మా," అంది పందికొక్కు. తవ్వడం పుట్టుకతో వచ్చిన జాతి. మట్టి పోసి ఆపలేనిదంటూ లేదని వాటి ధీమా.

చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఎండలు ముదిరేసరికి మడుగు చదునైపోయింది. దాక్కోవడానికి జమ్ము లేక నీటికోళ్లు బయటపడ్డాయి. నక్క వాటిని పిల్లలతో సహా మింగేసింది. పందికొక్కు అంతా చూసింది. చూసి, పూడ్చిన నేలలో తవ్వుకున్న కొత్త కలుగుకి ఇంకో గది వేసుకుంది.

ఆషాఢంలో రెండు రోజులు ఆగని వాన. సిమెంటు రోడ్ల మీంచి నీళ్లు పరుగెత్తుకొచ్చాయి. పందికొక్కు తాతల నాటి పద్ధతే పాటించింది. పిల్లల్ని లోపలి గదిలో పడుకోబెట్టి, బయటికొచ్చి ద్వారానికి గట్టిగా మట్టి మెత్తింది. అది చాలదని ఇంకాస్త మట్టికోసం గట్టు మీదికి ఉరికింది.

తిరిగొచ్చేసరికి నీళ్లు ద్వారం దాకా రానేలేదు. పూడ్చిన నేల అడుగునుంచే నీరు ఊరి, కలుగంతా కూలిపోయింది. తాను మెత్తిన మట్టిని తానే గోళ్లు ఊడేలా పీకింది. ఆరుగురిలో ఒక్కరూ మిగల్లేదు.

గట్టు మీద తడిసి వణుకుతోంది నక్క. "నువ్వేగా పూడ్చమన్నది!" అని దాని మీద పడి ఏడ్చింది పందికొక్కు.

"అన్నది నేనే," అంది నక్క. "పిడికెడు మట్టైనా నేను తోశానా అక్కా?"

గేదె వచ్చి నీళ్లలో నిలబడి వీపు వంచింది. పందికొక్కు ఎక్కి కూర్చుని, కూలిన చోటు వంకే చూస్తూ కుళ్లికుళ్లి ఏడ్చింది.

నీటికి ముందే చోటు విడిచిపెట్టని ఊళ్లో, నీరు ఇళ్లలోనే చోటు చూసుకుంటుంది.