పులుపు దాచిన రణపాల అవ్వ

అనగా అనగా, రాళ్లకు కూడా దాహం వేసిన ఒక ఎండాకాలంలో, నల్లగుట్ట మీద ముగ్గురు ఇరుగుపొరుగులుండేవారు. ఒకరు గుమ్మడితీగ, ఒకరు తోటకూర, మూడోవారు రణపాల అవ్వ.

అవ్వ మందపాటి ఆకు అంచున ఒక బుల్లి మొలక పుట్టి, పట్టుకుని వేలాడుతోంది. వాన కురిసి మట్టి తడిస్తేనే ఆ పసిదాని వేళ్లు నేలలో దిగేది. అందాకా దాని ఆకలి తీర్చవలసింది అవ్వే.

మొక్కలు వంట ఎలా చేసుకుంటాయంటారా? వేరు నీళ్లు తెస్తుంది. మనమూ మేకలూ పిట్టలూ వదిలిన ఊపిరిని గాలి మోసుకొస్తుంది. ఆ రెంటినీ ఆకు ఎండ పొయ్యి మీద వండి చక్కెర చేసుకుంటుంది. అదే దాని అన్నం. అయితే ఊపిరి లోపలికి రావాలంటే ఆకు తన సన్నని తలుపులు తియ్యాలి. తీసిందా, లోపలి నీరు ఆవిరై పారిపోతుంది!

మొదటి రోజు, ఆ నీటి మీద కన్నేసిన వడగాలి వచ్చి కేక వేశాడు. "ఊపిరమ్మా ఊపిరి! తలుపులు తియ్యండమ్మా!"

గుమ్మడితీగ ఆశకొద్దీ అన్ని తలుపులూ బార్లా తెరిచింది. పొద్దు వాలేసరికి తల వేలాడేసింది.

రెండో రోజు అది చూసి తోటకూర భయపడి ఒక్క తలుపూ తియ్యలేదు. నీళ్లు మిగిలాయి. పొయ్యి మండుతూనే ఉంది. ఊపిరి లేక కుండే ఖాళీ. ఆకలికి పాలిపోయింది.

అవ్వది ముత్తవ్వల నాటి పద్ధతి. చల్లని రాత్రి తలుపు తీసి ఊపిరి తెచ్చుకునేది. దాన్ని తన ఆకు జాడీలో ఊరగాయలా పులుపులో ఊరబెట్టేది. తెల్లవారకముందే గడియ పెట్టి, పగలు ఆ పులుపు విప్పి వండేది.

మూడో రోజు తెల్లవారుతూనే అవ్వకు అనుమానం వచ్చింది. రాత్రి తలుపు తీశానా? ఊపిరి తెచ్చానా? ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

వడగాలి అప్పుడే గడపలో ఉన్నాడు. "రాత్రంతా గురకపెట్టావుగా అవ్వా, నేను చూశాను! ఇప్పుడైనా తియ్యి. పసిది మాడిపోతుంది."

"ముసలిదానివి, నీకు గుర్తేముంటుందిలే! తీసెయ్యి," అంది గుమ్మడితీగ, వాడిన గొంతుతో.

"అవ్వా, ఆకలి," అంది మొలక.

అవ్వ చెయ్యి గడియ మీదికి పోయింది. తీస్తే ఉన్న కాస్త నీరూ పోతుంది. తియ్యకపోతే, జాడీ నిజంగా ఖాళీ అయితే, పసిది సాయంత్రం చూడదు.

గడియ సగం జరిగింది. అక్కడే ఆగింది.

"ఉండు నాయనా. మతి మరిచినా నాలుక మరవదు."

అవ్వ తన ఆకురసం ఒక్క చుక్క నోట వేసుకుంది. పచ్చి చింతకాయ కొరికినట్టు కళ్లు మూసుకుపోయాయి.

"ఓరి అబద్ధాలకోరూ! జాడీ నిండుగా ఉందిరా!" అంటూ గడియ బిగించింది.

వడగాలి పగలంతా తలుపు బాదుతూనే ఉన్నాడు. లోపల పులుపు కొంచెం కొంచెంగా విడిపోయి, నీటితో కలిసి, ఎండ పొయ్యి మీద చక్కెర అయింది. మొలక నోరు తీపైంది.

అలా రాత్రులు తెచ్చుకుని, పగళ్లు వండుకుని, అవ్వ తొలకరి దాకా నెగ్గుకొచ్చింది. వాన పడ్డనాడు మొలక నేల మీదికి దూకి వేళ్లు దింపింది. పొరుగువాళ్లు అప్పటికే ఎండిపోయి, వాళ్ల గింజలే మిగిలాయి.

ఇప్పటికీ రణపాల ఆకు పొద్దున్నే నమిలితే పుల్లన, సాయంత్రం నమిలితే చప్పన.

పిల్లలూ, మరుపు ఎవరికైనా వస్తుంది. ఇంకొకరి మాట విని తలుపు తీసేముందు, మీ జాడీ మీరు రుచి చూసుకోండి.