పదో ఊపిరి

ఎల్లాజీ మాస్టారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు. భీమిలి దగ్గర సముద్రంలో డైవింగ్ నేర్పే మనిషి. అడిగినవాళ్లకి ఏదో ఒక పని అంటగట్టి, అందులోంచే తెలుసుకోమంటారు. ఆయన దగ్గర ఆరేళ్లున్నాను, ఒక్క సూటి మాట విన్న పాపాన పోలేదు.

ఆ రోజు అడిగింది తబిత. మా అందరిలోకీ చురుకైనది. ఎల్లుండి వంద అడుగుల లోతున, మునిగిపోయిన ఓడ దగ్గర ఆమెకి మొదటి పని.

"పెద్ద సిలిండర్‌కి ఏదైనా అయితే అదనంగా గాలి ఉండాలి కదా మాస్టారూ. నేరుగా నోట్లో పెట్టుకుని పీల్చే మోచేతంత గాలి సీసా కొననా, గాలి అందించే రెగ్యులేటర్ వేరేగా ఉన్న చిన్న సిలిండర్ కొననా? సిలిండర్ అయితే బరువు, ఈతకి అడ్డం. సీసా అయితే నడుముకి తగిలించుకుని మర్చిపోవచ్చు."

మాస్టారు షెడ్డులోకి వెళ్లి, రంగు పోయిన పాత సీసా ఒకటి తెచ్చారు. గాలి నింపి తబితకిచ్చి పీల్చమన్నారు. నన్ను లెక్కపెట్టమన్నారు. ఇసకలో కూర్చుని ఆమె పీల్చింది. సరిగ్గా నలభై ఊపిర్లు వచ్చాయి.

"నలభై! ఇంకేం కావాలి, బోలెడు!" అంది తబిత.

"మేమూ అదే అనుకున్నాం," అన్నారు మాస్టారు.

ఆ 'మేము'లో రెండోమనిషి ఎవరో నాకు అప్పుడే తెలిసింది. పేరు దానయ్య. ఇరవై ఏళ్లు మాస్టారికి జోడీ. ఒకరు దిగితే ఒకరు పడవలో తాడు పట్టుకునేవారు. కింద సీసా నోట్లో పెట్టుకోవాల్సి వస్తే, ఊపిరికి ఒకసారి తాడు లాగాలని ఇద్దరూ అనుకున్న ఏర్పాటు. అది లెక్క చూసుకుని పైనున్నవాడు దిగి ఆదుకోవాలి. ఆ సీసా ఎంచింది మాస్టారే. ఇలాగే ఒడ్డున నలభై లెక్కపెట్టి, "చాల్లేరా" అని దానయ్య నడుముకి తగిలించిందీ ఆయనే. వంద అడుగుల కింద నీటి ఒత్తిడికి అదే గాలి నాలుగో వంతు ఊపిర్లకి కూడా సరిగ్గా రాదని ఆయనకి తెలియదా? తెలుసు. పరీక్షలో రాసి పాసయ్యారు కూడా! అయినా మనసులో నిలిచింది మాత్రం ఒడ్డున పెట్టిన లెక్కే.

ఒకనాడు పొద్దున్నే, ఓడ రేకు కోసుకుని దానయ్య గాలి గొట్టం తెగింది. కాలు పాత వలలో చిక్కుకుంది. పడవలో మాస్టారి చేతిలో తాడు కదిలింది.

"నేనేం కంగారు పడలేదమ్మా," అన్నారు మాస్టారు. "నలభై ఉన్నాయి కదా. సిలిండర్ వీపునే ఉంది, దూకితే సరిపోయేది. బెల్టు సరిగ్గా పడలేదని విప్పి మళ్లీ కట్టాను. నాలుగు. అద్దం మసగ్గా ఉందని ఉమ్ము రాసి తుడుచుకున్నాను. ఏడు. నీళ్లలో కడిగి మొహానికి పెట్టుకున్నాను. తొమ్మిది."



"తర్వాత?" అన్నాను. అడక్కుండా ఉండాల్సింది.

"పదోది ఇంకా రాదేటా అని చూస్తా కూర్చున్నాను."

ఆయన దిగేసరికి దానయ్య నోట్లో సీసా అలాగే ఉంది. తాడు చుట్టుకున్న చెయ్యి పైకెత్తి ఉంది.

మాస్టారిని తిట్టాలో ఓదార్చాలో నాకు తెలియలేదు. ఓదార్చినా ఏం లాభం, ఎవరు ఏమన్నా దానయ్య రాడు. మాస్టారు పక్కనున్న తాడు అందుకుని, ఏ చిక్కూ లేకపోయినా విప్పి మళ్లీ చుట్టడం మొదలుపెట్టారు. రోజూ చేసే పనే. ఆరేళ్లుగా అది ఆయన చాదస్తం అనుకుని నవ్వుకున్నాను నేను.

తబిత చేతిలోని పాత సీసాని ఇసకలో పెట్టింది. "మరి ఏది కొనుక్కోను మాస్టారూ?"

ఆయన తాడు మీంచి తల ఎత్తలేదు.

"పదోది ఎందులో వస్తే అది కొనుక్కో తల్లీ. నాకింకా రాలేదు."