ఓబుళేసు వైరాగ్యం

అక్క చనిపోయిందని కబురు వచ్చినప్పుడు ఓబుళేసు మఠం వెనక కట్టెలు కొడుతున్నాడు. తల్లి పోయాక చంకనెత్తుకుని పెంచిన అక్క. విన్నాడు. గొడ్డలి పక్కన పెట్టి కూర్చున్నాడు. కన్నీళ్ళు వస్తాయేమోనని చాలాసేపు చూశాడు. రాలేదు.

నల్లమల అంచున ఉన్న ఆ చిన్న మఠంలో అతను నాలుగేళ్ళుగా ఉంటున్నాడు. ఏడాదిగా మనిషి మారిపోయాడు. ఆకలి తగ్గింది. కోపం పోయింది. గొంతు బొంగురుపోయి, మెల్లమెల్లగా మాటలు తగ్గించేశాడు. రోహిణి ఎండల్లో కూడా కంబళి కప్పుకుని గంటల తరబడి కదలకుండా కూర్చునేవాడు.

జనం మౌనం పట్టాడన్నారు. సిద్ధి కలిగిందన్నారు. కొందరు కాళ్ళకు దణ్ణం పెట్టసాగారు.

దణ్ణం పెట్టినవాళ్ళు దూరంగా జరిగి కూర్చునేవాళ్ళు. అతనితో ఎవరూ కష్టసుఖాలు మాట్లాడేవాళ్ళు కాదు. భోజనాల దగ్గర అతని పక్కన ఎవరూ ఆకు వేసుకునేవాళ్ళు కాదు.

ఆ మధ్యాహ్నం ఓబుళేసు గురువు కంబగిరయ్య దగ్గరికి వెళ్ళాడు. ముసలాయన వసారాలో చింతపండు గింజలు తీస్తున్నాడు.

“అయ్యా, నాకింక ఏదీ కావాలనిపించడం లేదు. అక్క పోయినా దుఃఖం రాలేదు. వైరాగ్యమంటే ఇదేనా? ఇదే అయితే సెలవియ్యండి. కొండమీది గుహలో ఒంటరిగా ఉండిపోతా.”

కంబగిరయ్య శిష్యుడి చేయి తన చేతిలోకి తీసుకున్నాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. చేయి చల్లగా ఉంది. ముఖంలోకి చూశాడు. కళ్ళ కింద ఉబ్బు.

లేచి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాడు.

“తాగు.”

ఓబుళేసు తాగాడు.

“ఇంకో గుక్క.”

గురువు చూపు అతని గొంతు మీదే ఉంది. గుటక వేసినప్పుడల్లా మెడ ముందు భాగంలో ఒక వాపు పైకి లేచి కిందికి దిగుతోంది.

“రేపు పొద్దున బస్సుకు పోదాం.”

“గుహకా అయ్యా?”

“గుహకు బస్సెక్కడిది? నంద్యాలకు.”

నంద్యాలలో డాక్టరమ్మ ముంతాజ్ అతన్ని కుర్చీ మీద మోకాళ్ళపై నిలబెట్టి, మడమ వెనక చిన్న రబ్బరు సుత్తితో తట్టింది. పాదం వెంటనే కదిలింది. మళ్ళీ యథాస్థానానికి మాత్రం తీరిగ్గా వచ్చింది. ఆమె తల ఊపి రక్తపరీక్షకు రాసింది.

సాయంత్రం రిపోర్టు వచ్చింది.

“గొంతులో థైరాయిడ్ అని చిన్న గ్రంథి ఉంటుంది తాతా. ఒళ్ళు ఎంత వేగంగా నడవాలో దాని హార్మోనే చెబుతుంది. అది తగ్గితే అన్నీ నెమ్మదిస్తాయి. గుండె, పేగులు, గొంతు. మనసు కూడా.”

“ఈ కాగితంలో అదెట్ల తెలిసిందమ్మా?” అడిగాడు కంబగిరయ్య.

“మెదడు కింద ఇంకో గ్రంథి ఉంది. థైరాయిడ్ పని తగ్గిస్తే, ‘చెయ్యి, చెయ్యి’ అని అది టీఎస్‌హెచ్ అనే హార్మోను పంపుతూనే ఉంటుంది. మామూలుగా అది నాలుగైదు దాటదు. ఈయనకు తొంభై ఉంది. థైరాయిడ్ తయారుచేసే టీ-ఫోర్ చూస్తే బాగా తక్కువ. రెండూ తక్కువుంటే లోపం ఆ పై గ్రంథిలో అనుకునేదాన్ని. ఇది గొంతులోదే.” ఆమె కాగితం మడిచి ఇచ్చింది. “ఇట్లాగే వదిలేస్తే ఏదో ఒకరోజు స్పృహ తప్పేవాడు. అప్పుడు పక్కన మనిషి లేకపోతే కష్టం.”

ఓబుళేసు తల వంచుకున్నాడు. గుహ తలపుకొచ్చింది.

తిరుగు బస్సులో చాలాదూరం వచ్చాక అడిగాడు. “అయితే నాది వైరాగ్యం కాదా అయ్యా?”

గురువు డాక్టరమ్మ రాసిన మాత్రల పొట్లాన్ని సంచిలో భద్రంగా పెట్టుకున్నాడు.

మరునాటి నుంచి రోజూ పొద్దున్నే, పరగడుపున, కంబగిరయ్యే మాత్ర, నీళ్ళు తెచ్చి ఇచ్చేవాడు. సంగతి ఊళ్ళో పాకింది. “సిద్ధి కాదంట, జబ్బంట” అని నవ్వుకున్నారు. దణ్ణాలు ఆగిపోయాయి. అతని దగ్గరికి ఇప్పుడు ఆ దణ్ణానికి వచ్చేవాళ్ళు కూడా లేరు. రోజంతా కట్టెలు, అతనూ.

ఆరు వారాలకు మళ్ళీ రక్తం తీశారు. తొంభై కాస్తా పద్దెనిమిదికి దిగింది. డాక్టరమ్మ మోతాదు కొంచెం పెంచింది. కంబళి భారమనిపించి మడిచి పెట్టేశాడు. ఆకలి వేసింది. ఒకరోజు సంగటి అడుగంటిందని వంటాయన మీద అరిచాడు. తన గొంతు తనకే గట్టిగా వినబడి ఉలిక్కిపడ్డాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే అక్క గుర్తొచ్చింది. పెళ్ళై అత్తారింటికి పోతూ, ఎక్కిన బండి దిగి వెనక్కి వచ్చి, తన చొక్కాకు ఊడిన గుండీ పెట్టి వెళ్ళిన అక్క. చేతిలో గిన్నె జారిపోయింది. వెక్కివెక్కి ఏడ్చాడు.

ఏడుస్తూనే గురువు ముందుకు వచ్చి నేలమీద కూలబడ్డాడు.

“అయ్యా, అన్నీ తిరిగొచ్చినాయి. ఆకలి, కోపం, దుఃఖం, అన్నీ. నేను మళ్ళీ మొదటికొచ్చినా.”

కంబగిరయ్య వచ్చి అతని పక్కనే నేలమీద కూర్చున్నాడు. ఏడుపు ఆగాక, భుజం మీద చేయి వేశాడు.

“సరే నాయనా. ఇంక మొదలుపెడదాం.”