గూడబాతులకు చోటు చాలని ఏడు

ఇలా దగ్గరికి జరుగు నాన్నా, దుప్పటి కప్పుతాను. ఇవాళ మా అమ్మమ్మగారి ఊరి కథ.

అనగనగా సముద్రానికి కాస్త ఇవతలగా ఒక ఊరు. ఊరి పక్కనే తంపర. తంపరంటే ఎప్పుడూ కాలు దిగబడే చిత్తడి నేల, నిండా చిన్న చేపలు. ఆ ఊళ్ళో మా అమ్మమ్మ దాలమ్మ, మా తాత తవిటయ్య ఉండేవారు.

ఏటా వానలు తగ్గుముఖం పడుతుంటే ఆ ఊరికి గూడబాతులొచ్చేవి. ముక్కు కింద సంచీ వేలాడుతుందే, ఆ పెద్ద పిట్టలు. వాటి వెనకే ఎర్రకాళ్ళ కొంగలు. ఊళ్ళో చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుని, గుడ్లు పెట్టి, పిల్లలకి రెక్కలొచ్చాక వెళ్ళిపోయేవి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లాంటివని, వాటిని ఎవరూ అదిలించేవారు కాదు. చెట్టు కింద నడిచేటప్పుడు మాత్రం అందరూ నెత్తి మీద చేట పెట్టుకునేవారు. ఎందుకో నీకు తెలుసులే, నవ్వకు.

ఒక ఏడు పిట్టలింకా రాకముందే పెద్ద గాలివాన వచ్చింది. ఇళ్ళ కప్పులు లేచిపోయాయి. చింతచెట్లు వేళ్ళతో సహా ఒరిగిపోయాయి. అమ్మమ్మ పెరట్లో చెట్టు ఒక్కటే మిగిలింది.

ఆ తర్వాత పిట్టలొచ్చాయి. ఎప్పటిలాగే మందలు మందలుగా వచ్చాయి. వచ్చి, పొడుచుకోవడం మొదలుపెట్టాయి. తెల్లారి లేచి చూస్తే చెట్టు కింద ఈకలు, పగిలిన గుడ్లు.

గాలివానకి చేపలు కొట్టుకుపోయి ఉంటాయి, ఆకలికి కొట్టుకుంటున్నాయి అన్నారు పెద్దలు. అప్పుడు వలలేసేవాళ్ళు బుట్టల కొద్దీ చేపపిల్లల్ని తెచ్చి గట్టున పోశారు. పిట్టలు కడుపునిండా తిన్నాయి. తిని, మళ్ళీ పొడుచుకున్నాయి.

ఆ తర్వాత, తంపరలో నీళ్ళు తగ్గాయేమోనని తూము తీసి నీళ్ళు వదిలారు. నీళ్ళు నిండాయి. పోట్లాట ఆగలేదు.

ఆ తర్వాత దిష్టి తగిలిందని అమ్మవారికి చలివిడి, పానకం పెట్టారు. పిల్లలందరూ చలివిడి తిన్నారు. పిట్టల గొడవ పిట్టలదే.

అమ్మమ్మ మాత్రం పెరట్లో కూర్చుని, చింతపండులో గింజలు తీస్తూ పైకి చూస్తూ ఉండేది. ఒక కొంగ పుల్ల తెచ్చి పెడుతుంది. అది అటు తిరగ్గానే గూడబాతు ఆ పుల్ల లాగేసుకుంటుంది. ఇంకో కొంగ చెట్టు చుట్టూ తిరిగి తిరిగి, వాలడానికి కొమ్మ దొరక్క పెంట మీద దిగుతుంది. కాసేపు నిలబడి మళ్ళీ ఎగిరిపోతుంది.

"ఆటికి కూడు తక్కువ కాదు మావా, చోటు తక్కువ" అంది తాతతో. "గుండిగల నిండా అన్నం వండి, నాలుగు విస్తరాకులేస్తే ఎంతమంది తింటారు?"

తాత మనసులో మాత్రం ఇంకొకటుంది. గాలివానకి వాళ్ళిల్లు కూడా పోయింది. నాలుగు తాటాకులు కట్టుకుని అందులో ఉంటున్నారు. కూతురు చిన్నమ్మడికి నెలలు నిండుతున్నాయి, పురిటికి రావాలి. చిన్నమ్మడంటే మా అమ్మ. ఆ చింతచెట్టు కొట్టి ఇస్తే, దానికి బదులు ఇల్లు లేపడానికి సరిపడా ఇటుకలిస్తామని ఇటుకబట్టీ వాళ్ళు ఒప్పుకున్నారు. తాత వాళ్ళకి మాట ఇచ్చేశాడు.

ఒకరోజు పొద్దున్నే బండి వచ్చింది, గొడ్డళ్ళతో మనుషులొచ్చారు. అమ్మమ్మ వెళ్ళి చెట్టు మొదట్లో కూర్చుంది. "పిల్లలెగిరిపోయేదాకా ఆగండి నాయనా" అంది.

"ఒలే దాలీ, ఆ పిట్టలకి చోటు చూపిస్తావు సరే. మన పిల్లనెక్కడ పండబెడతావు?" అన్నాడు తాత. గట్టిగా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది అనేది అమ్మమ్మ. అయినా చెట్టు మొదట్లోంచి లేవలేదు.

పక్కింటి పోలమ్మ గోడ మీంచి ఇదంతా వింటోంది. ఆవిడకి గాలికి పోని గది ఒకటి ఉంది, నిండా ధాన్యం బస్తాలు. "బస్తాలు వసారాలో పడేసుకుంటాను, చిన్నమ్మడిని నా గదిలో దింపండి" అంది. "వానొస్తే తడుస్తాయి కదా వదినా" అంది అమ్మమ్మ. "తడిస్తే ఎండబెట్టుకుందాం" అంది పోలమ్మ.

బండి ఖాళీగా వెళ్ళిపోయింది. మాట పోయిందని తాత ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు మాత్రం ఎవరూ చెప్పకుండానే వెదుళ్ళు కొట్టుకొచ్చాడు. నాలుగు నిలువు పాతి, పైన అడ్డం కట్టి, పందిరిలా వేశాడు. పిట్టలు దాన్ని చూసి దూరం జరిగాయి. అప్పుడు పడిపోయిన చెట్ల ఎండుకొమ్మలు తెచ్చి దాని మీద పరిచాడు. ఒక కొంగ వాలింది, ఎగిరిపోయింది. ఆ తర్వాత నోట్లో పుల్ల పెట్టుకుని వచ్చింది.

అది చూసి ఊళ్ళోవాళ్ళూ తలో పెరట్లో పందిళ్ళు వేశారు. తేలికపాటి కొంగలు పందిళ్ళ మీదికి వచ్చాయి, బరువైన గూడబాతులు చెట్టు మీదే ఉండిపోయాయి. పోట్లాట తగ్గింది. అన్నిటికీ మాత్రం చోటు చాలలేదు నాన్నా. మిగిలినవి కొన్నాళ్ళు తిరిగి తిరిగి ఎటో వెళ్ళిపోయాయి. ఎక్కడ దిగాయో, దిగాయో లేదో. సాయంత్రం పూట తాత ఆకాశం వైపు చూస్తూ కూర్చునేవాడట.

పోలమ్మ గదిలో మా అమ్మకి మగపిల్లాడు పుట్టాడు. మా అన్నయ్య, నీకు పెద్దతాతయ్య. వాడు ఏడుస్తుంటే బయట కొంగలు ముక్కులు టకటకలాడించేవట. ఆ చప్పుడుకి వాడు ఊరుకునేవాడట.

పిట్టలు వెళ్ళిపోయాక బట్టీవాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి తాతే ఎదురెళ్ళి, మజ్జిగ ఇచ్చి పంపేశాడు.

ఆ ఇంటికి ఇటుక గోడ ఇక రాలేదు. నేను పుట్టి, సెలవులకి వెళ్ళేసరికి కూడా అది తాటాకిల్లే. వానొస్తే ఒక మూల కురిసేది. అమ్మమ్మ నన్ను రెండో మూలకి జరిపి, తాను తడిలో పడుకునేది. పైన చింతకొమ్మల్లో పిట్టపిల్లలు రాత్రంతా కుయ్యి కుయ్యిమనేవి. ఊరంతా పచ్చిచేపల వాసన. మా అమ్మ ముక్కు మూసుకునేది. నాకు మాత్రం ఇప్పుడు కూడా చేపల బజారు పక్కనుంచి వెళ్తే, అమ్మమ్మ తడిచీర చల్లదనం ఒంటికి తగిలినట్టుంటుంది.

ఇక కళ్ళు మూసుకో.

కొంగమ్మ పందిరికి,
బాతమ్మ కొమ్మకి,
కథమ్మ కంచికి,
మా చంటి నిద్దరకి.