రాళ్ళ గుంతల్లో ఉంచిన సముద్రం

ఒకప్పుడు సముద్రం వెనక్కి వెళ్ళేటప్పుడు ఒడ్డున ఒక్క చుక్క కూడా మిగిల్చేది కాదు. తడిగుడ్డ పెట్టి తుడిచినట్టు రాళ్ళన్నీ శుభ్రం చేసి మరీ వెళ్ళేది. దానికి అంత శుభ్రం పిచ్చి! పీతలూ చేపపిల్లలూ నీళ్ళ వెంట పడుతూ లేస్తూ పరుగెత్తేవి. పరుగెత్తలేనివి అక్కడే ఎండిపోయేవి.

ఆ ఒడ్డునే ఒక పెద్ద పట్నం ఉండేది. మేడలు, బస్సులు తిరిగే రోడ్డు, రోడ్డు దాటగానే రాళ్ళు. నూకరత్నం అనే జాలరామె రోజూ సముద్రం వెనక్కి తగ్గాక ఆ రాళ్ళ మీద గుల్లలు ఏరుకునేది.

ఒక అమావాస్య మర్నాడు సముద్రం ఎన్నడూ లేనంత దూరం వెళ్ళిపోయింది. ఎవరూ చూడని రాళ్ళు బయటపడ్డాయి. వాటి మీద పచ్చటి నాచు, నారింజరంగు నక్షత్ర చేపలు! నూకరత్నం గుల్లల మాటే మరిచిపోయి నోరు తెరుచుకుని నిలబడింది. యాభై ఏళ్ళుగా సముద్రం పక్కనే బతుకుతోంది గానీ, దాని ఇల్లు మాత్రం ఎప్పుడూ చూడలేదు పాపం.

ఒక రాతిగుంతలో ఆక్టోపస్ ముడుచుకుని ఉంది. గుంతలో నీరు గబగబా జారిపోతోంది.

"పారిపోవే, ఎండిపోతావు!" అంది నూకరత్నం.

"ఎలా పోను అక్కా?" అంటూ ఆక్టోపస్ ఒక చెయ్యి పక్కకు తీసింది. రాతికి బియ్యపుగింజల్లాంటి గుడ్లు గుత్తులుగా వేలాడుతున్నాయి. నూకరత్నం వంగి చూసింది. ప్రతి గింజలోనూ రెండు నల్లటి కళ్ళు! వందల కళ్ళు ఆమెనే చూస్తున్నాయి.

"నెల్లాళ్ళుగా తిండి మాని కాపలా కాస్తున్నాను. ఇంకో రెండు రోజుల్లో బయటికొస్తాయి. ఇవి లేకుండా నేనెక్కడికీ పోను" అంది ఆక్టోపస్.

నూకరత్నం చప్పున సీసాలోని తాగేనీళ్ళు పొయ్యబోయింది.

"వద్దక్కా! ఆ చప్పటి నీళ్ళు మా ప్రాణం తీస్తాయి!" అని ఆక్టోపస్ కేకపెట్టింది.

ఇక లాభం లేదని నూకరత్నం నడుం మీద చెయ్యి పెట్టుకుని సముద్రం వైపు తిరిగింది. "గంగమ్మ తల్లీ! ఇదేటి పనమ్మా?"

"నేనేం చేశాను? నా నీళ్ళు నేను తీసుకెళ్తున్నాను. ఎంత బాగా ఊడ్చానో చూడు!" అంది సముద్రం గర్వంగా.

"అదేనమ్మా నీ తప్పు! మా ఇంట కూటికుండ ఎప్పుడూ ఊడ్సం. ఎంత ఆకలున్నా అడుగున గుప్పెడు కూడు ఉంచుతాం. ఏ ఏళకి ఎవులొస్తారో! కుండ ఊడ్సేసిన రాత్రి నాకైతే నిద్దర పట్టదు. ఇంత పెద్దదానివి, నీకెలాగ పడతందమ్మా?"

అలలన్నీ ఆగిపోయాయి. అంతటి సముద్రానికీ సిగ్గేసింది.

"ఎంత ఉంచమంటావు?" అని మెల్లగా అడిగింది.

"ఏ గుంతకి పట్టినంత ఆ గుంతలో. నువ్వు మళ్ళీ వచ్చీదాకా సరిపోద్ది."

ఒకే ఒక్క అల లేచింది. ప్రతి గుంతనూ అంచుదాకా నింపి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళింది. రాళ్ళకు అంటుకుని మొగ్గల్లా ముడుచుకున్న ప్రాణులు పువ్వుల్లా విచ్చుకున్నాయి. ఆక్టోపస్ ఎనిమిది చేతులూ గుడ్ల చుట్టూ చాపింది. నూకరత్నం రెండు చేతులూ జోడించింది. ఎవరికి దండం పెట్టిందో ఆమెకే తెలీదు.

అప్పటినుంచే సముద్రం ఎంత దూరం వెళ్ళినా రాళ్ళ గుంతల్లో కాసిని నీళ్ళు ఉంచి వెళ్తోంది. అది తిరిగొచ్చేదాకా దాని పిల్లలు ఆ దోసెడు నీళ్ళనే సముద్రం అనుకుని హాయిగా బతుకుతున్నాయి.